బరువు తగ్గించు శస్త్రచికిత్స: ముందు చేయవలసినది, తరువాత నడువవలసినది

(ఉగాది ఉత్సవములకు ముందు కె.ఆర్.పురములో జరిగిన మన సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



2026 మార్చి 19వ తేదీన వచ్చు ఉగాదితో ఆరంభమగు సంవత్సరమునకు పరాభవ అని పేరు. ఆ పేరు విని కొందరు మిత్రులు నవ్వుకొన్నారు. స్థూలకాయము గలవారికి పరాభవము ఒక్క సంవత్సరముతో పోవునది కాదు. పెండ్లి పందిరిలో కుర్చీ గట్టిదా కాదా అని తడిమి చూచి కూర్చుండుట, బస్సులో పక్కవారు ముఖము చిట్లించుట, మన రైల్వే స్టేషను వంతెన మెట్ల మీద సగములో ఆగి రొప్పుచుండగా వెనుకనున్నవారు విసుగుకొనుట, వీనినెల్ల మా ఇంట చాల కాలము అనుభవించినాము.

మేము చిత్తూరు జిల్లా నుండి ఇచ్చటికి వచ్చి ఇరువది రెండు సంవత్సరములైనది. మాలో ఇల్లాలికి 2022లో బరువు తగ్గించు శస్త్రచికిత్స జరిగినది. ఆ సంగతి మీలో చాలమందికి తెలియును. మెట్ల దగ్గర నిలిపి, కూరగాయల అంగడి దగ్గర నిలిపి, గొంతు తగ్గించి మమ్ములను అడిగినవారు పదిమందికి తక్కువ లేరు. కార్యదర్శిగారు “ఒక్కొక్కరికి చెప్పనేల, సభలోనే చెప్పండి” అన్నారు. అందుచేత ఇద్దరము కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాసినాము. మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పినది, చదివి తెలిసికొన్నది, స్వయముగా పడినది, ఈ మూడును కలిపి మీ ముందు ఉంచుచున్నాము.

మొదట ఒక అపోహ తొలగవలెను. లావు అనునది కేవలము నోటి చాపల్యమని, సోమరితనమని మనవారి నమ్మకము. మా ఇంటిలో మూడు పర్యాయములు కఠిన పథ్యము జరిగినది. ఎనిమిది కిలోలు తగ్గినవి, పది పెరిగినవి. బరువు తగ్గినప్పుడు శరీరము దానిని కరవుగా ఎంచి ఆకలి పెంచును, ఖర్చు తగ్గించును. పుట్టుకతో వచ్చిన గుణము, నిద్ర లేమి, కొన్ని మందులు, దినమంతయు కూర్చుండి చేయు పని, ఇవన్నియు కలిసి బరువును పట్టి ఉంచును. మన భారతీయులకు మరియొక చిక్కు కలదు. చూపునకు అంత లావు లేకున్నను కడుపు చుట్టు క్రొవ్వు చేరి మధుమేహము ముందుగా వచ్చును. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వేలో దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నట్లు తేలినది.

బరువు ఎంత ఎక్కువో తెలియుటకు శరీర భార సూచిక అను లెక్క ఉన్నది. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును రెండు మారులు పెట్టి భాగింపవలెను. మా ఇల్లాలి బరువు అప్పుడు 112 కిలోలు, ఎత్తు 1.57 మీటర్లు. లెక్క వేయగా 45 వచ్చినది. భారతీయులకు 23 దాటిన అధిక బరువు, 25 దాటిన స్థూలకాయము అని మన వైద్యులు ఎంచుదురు. శస్త్రచికిత్సకు 1991లో అమెరికా వైద్యులు పెట్టిన హద్దు 40, లేక మధుమేహము వంటి వ్యాధులు తోడున్నచో 35. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘములు ఆ హద్దును 35కు దించి, ఆసియావారి విషయమున 27.5 నుండియే ఆలోచింపవచ్చుననినవి. మన ఆరోగ్య బీమా నిబంధనలు మాత్రము, 2019లో బీమా నియంత్రణ సంస్థ చెప్పిన ప్రకారము, 40నో, తీవ్రవ్యాధులతో కూడిన 35నో అడుగును. కనుక వైద్యుడు సరే అన్నంత మాత్రమున బీమా కంపెనీ సరే అనునని తలపరాదు. ముందుగానే వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనుడు.

ఇక భయము సంగతి. మా అత్తగారు ఈ మాట విన్న నాడు “ఆ సినిమా అమ్మాయి పోయింది కదమ్మా, నీకెందుకీ పని” అని కన్నీరు పెట్టుకొన్నారు. ఆమె తలచుకొన్నది ఆర్తీ అగర్వాల్‌ను. తెలుగు చిత్రములలో పేరు తెచ్చుకొన్న ఆ నటి 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏండ్లకే మరణించినారు. కొన్ని వారముల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకొన్నట్లు పత్రికలు వ్రాసినవి. లైపోసక్షన్ అనగా చర్మము క్రింది క్రొవ్వును గొట్టముతో లాగివేయుట. అది ఆకృతి కొరకు చేయునది. దానితో మధుమేహము తగ్గదు, ఆకలి మారదు. మేము చెప్పు శస్త్రచికిత్స వేరు. ఇది జీర్ణాశయమునకు చేయునది, వ్యాధి కొరకు చేయునది.

అందులో ముఖ్యముగా రెండు విధములు కలవు. ఒకటి స్లీవ్. జీర్ణాశయములో ముప్పాతిక భాగమునకు పైగా తీసివేసి, అరటికాయ వంటి సన్నని గొట్టమును మిగుల్చుదురు. ఆకలి పుట్టించు రసము ఎక్కువగా ఊరునది ఆ తీసివేసిన భాగములోనే గనుక ఆకలి కూడ తగ్గును. రెండవది బైపాస్. జీర్ణాశయపు పై భాగమున చిన్న సంచి చేసి, దానిని నేరుగా చిన్నప్రేగునకు కలుపుదురు. ఈ పద్ధతికి 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున డాక్టరు ఎడ్వర్డ్ మేసన్ నాంది పలికినారు. నేడు ఈ రెండును పొట్టపై చిన్న రంధ్రములు చేసి, కెమెరా సాయముతో చేయుచున్నారు. మా ఇంట జరిగినది స్లీవ్.

ప్రయోజనము ఏమి అందురా? స్వీడన్ దేశములో 1987లో ఆరంభమైన పెద్ద అధ్యయనము ఒకటి కలదు. శస్త్రచికిత్స చేయించుకొన్న సుమారు 2,000 మందిని, చేయించుకొనని అంతమందితో పోల్చి చూచినారు. సగటున పదకొండు సంవత్సరములకు దగ్గరగా గమనించి 2007లో ప్రకటించిన లెక్కలో, శస్త్రచికిత్స అయినవారిలో మరణములు సుమారు నాలుగవ వంతు తక్కువ. ఇది ధనవంతుల ముచ్చట మాత్రమే కాదు. 2023లో మన హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో 240 కిలోల బరువున్న యువకునికి ఈ చికిత్స జరిగినది.

ప్రమాదమే లేదని మేము చెప్పము. కుట్టు దగ్గర కారుట, రక్తస్రావము, కాలిలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు ఎక్కుట, ఇవి అరుదుగా జరుగును. ప్రాణాపాయము అనుభవముగల ఆసుపత్రులలో వేయికి ఒకటి చొప్పున ఉండవచ్చునని వైద్యులు చెప్పినారు. ఆ వేయిలో ఒకరు మన ఇంటివారు కావచ్చునని ఎరిగియే సంతకము చేయవలెను. మేము మొదట వెళ్లిన ఒకచోట పరీక్షలు ఏమియు చేయకయే మరుసటి వారమునకు తేదీ ఇచ్చి, అడ్వాన్సు కట్టుమన్నారు. మేము లేచి వచ్చినాము. మంచి వైద్యుని గుర్తు ఏమనగా, ఆయన తొందరపెట్టడు. తరువాతి సంవత్సరములలో ఎవరు చూచుదురు, ఆహార నిపుణురాలు ఉన్నదా, మాటిమాటికి రమ్మందురా, ఇవి అడుగుడు.

సిద్ధపడుటకు మాకు మూడు మాసములు పట్టినది. రక్తము, థైరాయిడ్, గుండె, ఎండోస్కోపీ, కాలేయము, పిత్తాశయము, నిద్రలో ఊపిరి, అన్నియు పరీక్షించినారు. మనోవైద్యుని వద్దకు పంపినప్పుడు “మాకు పిచ్చియా” అని కోపము వచ్చినది. ఆయన అడిగినది ఒక్కటే ప్రశ్న: “దుఃఖము వచ్చినప్పుడు మీరేమి చేయుదురమ్మా?” అని. ఇల్లాలు కొంతసేపు ఊరకుండి “వంటింటిలోనికి పోదును” అన్నది. ఆ మాట మాకు ఇద్దరకును అప్పటివరకు తెలియదు.

పొగ త్రాగువారు ఆరు వారములైనను ముందుగా మానవలెను. చివరి రెండు వారములు పిండిపదార్థము బాగుగా తగ్గించిన ఆహారము ఇత్తురు. దానివలన క్రొవ్వు పట్టిన కాలేయము కుంచించుకొని, శస్త్రవైద్యునికి లోపల చోటు దొరకును. ఆ దినములలోనే తరువాతి అలవాట్లు అభ్యసింపవలెను. చిన్న చెంచాతో తినుట, ముద్దను పిండి అగువరకు నములుట, భోజనమునకు అరగంట సేపు తీసికొనుట, తినుచు నీరు త్రాగకుండుట. మనకు అన్నము నడుమ నీరు త్రాగనిదే ముద్ద దిగదు. ఈ ఒక్క అలవాటు మానుటకు మాకు నెల పట్టినది.

శస్త్రచికిత్స నాటి సాయంకాలమే లేపి నడిపించినారు. మూడవ నాడు ఇంటికి పంపినారు. మొదటి రెండు వారములు ద్రవములే. వడగట్టిన పప్పుకట్టు, పలుచని మజ్జిగ, కారము లేని చారు, పలుచని రాగిజావ, గుక్కెడు గుక్కెడుగా దినమంతయు. తరువాత రెండు వారములు మెత్తగా చిదిమినవి: పప్పు, పెరుగు, గుడ్డు. ఆపై మెత్తని ఇడ్లీ, పనీరు. రెండు నెలలకు మామూలు వంటయే, కాని పిడికెడు. ఏ ముద్దలోనైనను మాంసకృత్తులు ముందు, కూర తరువాత, అన్నము చివర. దినమునకు 60 గ్రాముల మాంసకృత్తులు తక్కువ కారాదు. ఒక గుడ్డులో 6 గ్రాములు, నూరు గ్రాముల పనీరులో 18 గ్రాములు, కప్పు ఉడికిన పప్పులో 8 గ్రాములకు అటునిటు ఉండును. మన పళ్లెములో కొండంత అన్నము, గుంటెడు పప్పు. దానిని తలక్రిందులు చేయుట యనిన మాట.

ఇన్సులిన్ 48 యూనిట్లు తీసికొనుచున్న మనిషికి ఇంటికి వచ్చిన నాటికే సూది అవసరము లేకపోయినది. మందులు ఇట్లు తగ్గించుట వైద్యుడు చేయవలెను, మనము కాదు. మధుమేహము పోయినదని మేము అనము, అణగి ఉన్నదందుము. నేటికిని ఒక మాత్ర ఉన్నది.

ఇప్పుడు మేము చెప్పదలచిన అసలు సంగతికి వచ్చుచున్నాము. కత్తి పొట్టకు పడినది. ఇల్లు, పంక్తి, బంధువుల మర్యాద ఎప్పటివలెనే ఉన్నవి. ఐదవ వారములో దగ్గరి బంధువుల గృహప్రవేశము. పోకున్న బాగుండదని పోయినాము. పంక్తిలో పెద్దావిడ ఒకరు వడ్డించుచు “ఇంత పులిహోర చేసింది ఎవరికోసమమ్మా? ఒక్క ముద్ద పెట్టించుకో, మా మాట తీసేయకు” అన్నారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు. మాలో ఒకరు మొగమోటముతో తిన్నారు, మరియొకరు పక్కనుండియు వలదనలేదు. గంటలో వాంతులు మొదలైనవి. రెండు దినములు నీరు కూడ నిలువలేదు. మరల ఆసుపత్రి, సెలైను. అప్పుడు వైద్యురాలు చెప్పినది మీరందరు వినవలెను. ఈ చికిత్స తరువాత వాంతులు ఆగకున్నచో బి1 విటమిను తరిగిపోయి, నడక తూలుట, చూపు చెదరుట, మతిమరపు రావచ్చును. అది మెదడుకు శాశ్వతమైన హాని చేయగలదు. కావున దానిని అజీర్ణమని ఇంటిలో వాము నీళ్లతో గడపరాదు. అట్లే జ్వరము, గుండెదడ, కడుపులోనో ఎడమ భుజములోనో నొప్పి, ఆయాసము, పిక్క వాచుట, వీనిలో ఏది కనిపించినను అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెను.

ఆ నాటి నుండి మేము ఒక ఏర్పాటు చేసికొన్నాము. విందులకు పోయినప్పుడు వద్దనుట ఆమె పని కాదు, భర్త పని. ఆడువారు వద్దన్న మాటను మన పంక్తులలో ఎవరును నమ్మరు. పక్కవాడు విస్తరి పైన చేయి అడ్డము పెట్టిన నమ్ముదురు. ఇంటిలో వంట ఇద్దరము పంచుకొన్నాము. మిగిలినది పారవేయలేక ఇల్లాలు తినుట అను ఆచారము ఆపినాము. వండుటయే కొలతతో వండుచున్నాము.

రెండవ తప్పు రెండవ సంవత్సరములో జరిగినది. బరువు 74 కిలోలకు దిగినది. అందరును మెచ్చుకొన్నారు. ఇక మాత్రలు ఎందుకని మానినాము. ఆరు మాసములకు అరికాళ్లలో తిమ్మిరి, చీమలు ప్రాకినట్లు బాధ. బి12 అడుగంటినది. సూదులు వేయించుకొనగా నెమ్మదించినది కాని, ఎడమ కాలిలో కొంత తిమ్మిరి ఇప్పటికిని ఉన్నది. ఈ చికిత్స అయినవారికి విటమినులు, బి12, ఇనుము, కాల్షియము, డి విటమిను జీవితాంతము కావలెను. కాల్షియము దినమునకు 1,200 నుండి 1,500 మిల్లీగ్రాములు, విడతలుగా. ఇనుపధాతువు మాత్రకు దానికి రెండు గంటల ఎడము. మొదటి సంవత్సరము మూడు, ఆరు, పన్నెండు మాసములకు, తరువాత ఏటేట రక్తపరీక్ష. మేము ఈ పరీక్షను ఉగాది వారముననే పెట్టుకొన్నాము. పంచాంగము చూచినప్పుడు జ్ఞాపకము వచ్చును.

మరికొన్ని చిన్న మాటలు. మూడవ మాసము నుండి జుట్టు రాలును. మాంసకృత్తులు తగ్గకున్న చాలవరకు మరల వచ్చును. చర్మము వ్రేలాడును. ప్రసవ వయస్సులోని వారు ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భము ధరింపరాదు. బరువు తగ్గగానే గర్భము నిలుచు అవకాశము పెరుగును గనుక ముందే జాగ్రత్త పడవలెను. మద్యము తొందరగా తలకెక్కును. బైపాస్ అయినవారు పాయసము, జిలేబి వంటివి తిన్నచో చెమటలు, దడ, కళ్లు తిరుగుట కలుగవచ్చును. కీళ్ల నొప్పులకు మందుల షాపులో మాత్ర కొని వేసికొనరాదు, కడుపులో పుండు పడును. కొత్తగా 2025లో మన దేశమునకు వచ్చిన మొంజారో, వెగోవి సూదిమందులు కొందరికి ఈ కత్తి అవసరము లేకుండ చేయవచ్చును. అదియును వైద్యుని మాటతోనే జరుగవలెను.

నేడు బరువు 79 కిలోలు. ఐదు కిలోలు తిరిగి వచ్చినవి. అట్లు కొంత వచ్చుట సహజమని వైద్యులనినారు. కాని సాయంకాలపు మిక్చరు పొట్లము వలన వచ్చినదని మాకు తెలియును. చిన్న పొట్ట కూడ దినమంతయు కొరుకుచున్న దానిని ఆపలేదు. ప్రొద్దున ఆరు గంటలకు చెరువు గట్టున ఇద్దరము నడచుచున్నాము. మీలో కొందరు అక్కడ కనబడి పలుకరింతురు. స్టేషను వంతెన మెట్లు ఆగకుండ ఎక్కుచున్నాము. కిలోల కన్న మాకు అదియే పెద్ద లెక్క.

సంఘ సభ్యులకు ఒక విన్నపము చేసి ముగింతుము. ఈ ఉగాది విందులో కొసరి కొసరి వడ్డింపవలదు. ఒకసారి అడుగుడు. వద్దనిన నమస్కరించి ముందుకు సాగుడు. ఆ పంక్తిలో మధుమేహము గలవారుందురు, గుండెజబ్బు గలవారుందురు, మావలె పొట్ట కోయించుకొని ఎవరికిని చెప్పనివారును ఉందురు. “ఎందుకు తినవు” అని పదిమందిలో అడుగుటతోనే వారికి పరాభవము మొదలగును. పిల్లలలో లావుగా ఉన్నవారిని ముద్దుపేరులతో పిలుచుట మానుదము. వారికి చిన్న గిన్నెలో పెట్టుట, వెంట ఆడుట నేర్పుదము. మా ఇంటికి వచ్చినదంతయు వారికి రానక్కరలేదు.

శస్త్రచికిత్స అయిన మొదటి ఉగాదికి మా ఇల్లాలు అన్ని వంటల ముందు కూర్చుండి చిన్నబుచ్చుకొన్నది. ఉగాది పచ్చడి వచ్చినది. అది ఎంతటివారికైనను ఒక చెంచాయే గదా. ఆ ఒక్క చెంచా మాత్రము ఆమె ఇంటిల్లిపాదితో సమానముగా తిన్నది, నిదానముగా, అరు రుచులును తెలియునట్లు. ఈ ఏడును అట్లే తినుటకు సిద్ధముగా నున్నాము. చికిత్స గురించి ఇంకను అడుగదలచినవారు సంకోచింపక మా ఇంటికి రండి. మజ్జిగ ఇత్తుము, కొసరము.